గ్లాసు పట్టుకున్న చెయ్యి

పోయిన మంగళవారం పోస్టులో కార్డు వచ్చింది. నల్ల అంచు, పైన సిలువ, కింద బైబిలు వాక్యం, మధ్యలో ఆవిడ ఫోటో. శనివారం సాయంత్రం ఆదరణ కూడిక, అంటే పోయినవాళ్ల కోసం చర్చివాళ్లు జరిపే ప్రార్థన సభ, దానికి పిలుపు. ఫోటోలో ఆవిడ నవ్వుతోంది. పళ్లన్నీ బయటపెట్టి, కళ్లు సగం మూసుకుని. జీవితం మొత్తంలో కెమెరా ముందు ఆవిడ అలా నవ్వింది ఒక్కసారే. అయితే కార్డులో ఆవిడ కుడిచెయ్యి మోచేతి దాకానే ఉంది. భుజం లేచి ఉంది, పమిట ఆ వైపు జారి ఉంది, చెయ్యి దేన్నో ఎత్తి పట్టుకుందని చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. మోచెయ్యి దాటగానే అట్ట అయిపోయింది.

ఆ ఫోటో తీసింది నేను. ఆ చేతిలో ఏముందో నాకు తెలుసు. కత్తిరించినవాళ్లకీ తెలుసు. అందుకే రాస్తున్నాను.

ఆర్.కె. పురం తెలుగువాళ్లందరికీ ఆవిడ సిస్టర్ గారు. భీమవరం దగ్గర పల్లె. ఢిల్లీలో ప్రభుత్వాసుపత్రికి నర్సుగా వచ్చి సూపరింటెండెంటు దాకా వెళ్లింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే వాళ్ల మణికట్టు పట్టుకుని నాడి చూసేది. ఆ అలవాటు ఆసుపత్రికే పరిమితం కాదు. ఎడమ భుజం కింద చీరకి తలకిందులుగా వేలాడే చిన్న వాచీ ఒకటుండేది. మీరు ఏదైనా వాదిస్తుంటే నెమ్మదిగా మీ చెయ్యి తీసుకుని, ఆ వాచీ వంక చూస్తూ పెదాలు కదిపేది. చివరికి ఒక అంకె చెప్పేది. ఆ అంకెతో మీ వాదన అయిపోయేది. నాతో వాదించి నెగ్గినవాళ్లు ఈ ఊళ్లో తక్కువ. మా ఆయన ఇరవై రెండేళ్లుగా ప్రయత్నిస్తున్నారు. ఆవిడ మాత్రం మొదటిరోజే నెగ్గింది.

అప్పట్లో నేను బారాఖంబా రోడ్డులో ఒక ట్రావెల్ కంపెనీలో యూరప్ టూర్లు అమ్మేదాన్ని. పద్నాలుగు రోజులు, ఎనిమిది దేశాలు. టూరిస్టుల బస్సు వెనకాలే ఇంకో వ్యానులో వంటవాళ్లు, బియ్యం బస్తాలు, గ్రైండరు. వెనిస్‌లో పడవ దిగగానే ఇడ్లీ, రోమ్‌లో పప్పుచారు. ఇదే మా గొప్ప. వెళ్లొచ్చినవాళ్లు కూడా ఏ దేశంలో ఏం చూశారో చెప్పేవాళ్లు కాదు, ఏ దేశంలో సాంబారు బాగుందో చెప్పేవాళ్లు. నేను అమ్మిన ఇటలీ అదే.

ఆవిడ గొడుగు మడిచి నా టేబులుకి ఆనించి కూర్చుంది.

"ఇటలీలో ఒక్క జిల్లా కావాలమ్మా. పది రోజులు."

మేం జిల్లాలు అమ్మం అని చెప్పాను. మా టూరులో ఇటలీకి మూడు రోజులు, నాలుగు ఊళ్లు, ఒరిగిన గోపురం, పడవ షికారు అన్నీ ఉన్నాయని గుక్క తిప్పుకోకుండా ఏకరువు పెట్టాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. షేక్‌హ్యాండేమో అనుకున్నాను.

"నూట ఆరు," అంది. "నువ్వే నమ్మట్లేదు."

నాకు ఒళ్లు మండింది. ఒక్క జిల్లాలో పది రోజులు ఏం చూస్తారండీ, ఇటలీ అంటే పిజ్జా, పాస్తా, ఎక్కడ తిన్నా ఒకటే కదా అన్నాను. ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

"ఏ ఊరమ్మా మీది?"

"తెనాలి."

"ఇక్కడ నిన్నేమంటారు?"

ఎక్కడికి తీసుకెళుతోందో అర్థమైంది. అయినా చెప్పాను. "మద్రాసీ అంటారు."

"అలా అన్నప్పుడు నీ నాడి ఎంతుంటది?"

ఈ మాట ఆవిడ నా కోసం తయారుచేసుకుని తెచ్చింది కాదు. తర్వాత ఒకరోజు మా సెక్టార్ మార్కెట్లో కూరలబండి అతను ఆవిడని మద్రాసీ ఆంటీ అని పిలవడం నా కళ్లారా చూశాను. ఆవిడ బండి మీంచి రెండు వంకాయలు తీసి, ఒకటి ఈ కొసన, ఒకటి ఆ కొసన పెట్టి, "భయ్యా, యే మద్రాస్, యే హమారా. బీచ్ మే పూరీ రాత్ కీ రైల్," అని, అంటే మధ్యలో రాత్రంతా రైలు ప్రయాణం ఉందని, పాఠం చెప్పింది. ఆ హిందీలో గోదావరి యాస తప్ప ఇంకేమీ వినబడలేదు. వెనక నిలబడ్డ పంజాబీ ఆవిడ కొత్తిమీర పట్టుకుని ఎదురుచూస్తూనే ఉంది. బండివాడు ఠీక్ హై దీదీ, ఇక ఆంధ్రా దీదీ అంటానన్నాడు. అయినా ఊరుకుందా? ఆంధ్రా కూడా చాలా పెద్దదని మూడో వంకాయ తీసింది.

ఒక్క జిల్లా ఎందుకంటే దానికో కథ ఉంది. ఆవిడ నర్సు పని నేర్చుకున్నది కన్యాస్త్రీలు నడిపే ఒక చిన్న ఆసుపత్రిలో. అక్కడి మేట్రన్ ఇటలీ నుంచి వచ్చిన ముసలి మదర్. ఈ అమ్మాయి హాస్టలు అన్నంలో రాళ్లు ఏరుతుంటే మదర్ వచ్చి పక్కన కూర్చుని, మా ఊళ్లోనూ వరే పండుతుంది, మా అమ్మ కూడా మోకాలి లోతు నీళ్లలో వంగి కలుపు తీసేది అని చెప్పిందట. ఈవిడ నమ్మలేదు. తెల్లవాళ్లు నడుం వంచడమేమిటి? ఈవిడ అమ్మ ఊరి కామందుల పొలాల్లో నాట్లు వేసి వేసి నలభై ఏళ్లకే గూనిదైంది. మదర్ ఊరి జిల్లా పేరు వెర్చెల్లి. ముప్పై ఏళ్లకు పైగా ఆ పేరు ఆవిడ పర్సులో కాగితం మీద ఉంది.

చివరికి మా కంపెనీ చేత నేనే ఆ టూరు వేయించాను. మా బాసు ఇది మూడురోజుల్లో మూతపడుతుందన్నాడు. అనడం వల్లే నేను పట్టుబట్టాను. ఆరుగురు ఆడవాళ్లం కుదిరాం. ఆవిడ, నేను, ఆర్.కె. పురం వాళ్లు ముగ్గురు, ఆవిడ చర్చి సంఘపెద్ద గారి భార్య సుగుణమ్మ గారు. దారిలో పెద్ద పెద్ద చర్చిలు ఉన్నాయని చెప్పి సుగుణమ్మ గారికి ఇంట్లో అనుమతి తెచ్చింది సిస్టర్ గారే. సుగుణమ్మ గారు మాట్లాడడం నేను అప్పటిదాకా వినలేదు. ఆయన పక్కన ఉంటే తల ఊపేవారు, ఆయన లేకపోతే అదీ లేదు.

వెళ్లేముందు మమ్మల్ని గుర్గావ్ మాల్‌లో ఒక ఇటాలియన్ హోటలుకి తీసుకెళ్లింది. రిహార్సలంట. రిసొట్టో వచ్చింది. నోట్లో పెట్టుకోగానే అన్నం పలుకుగా తగిలింది. నేను వెయిటర్ని పిలిచి, ఉడకలేదు భయ్యా, వెనక్కి తీసుకెళ్లు అన్నాను. మిగతావాళ్లూ పళ్లేలు తోశారు. సిస్టర్ గారు వెయిటర్ చెయ్యి పట్టుకుని ఆపింది. నాడి చూడలేదు, ఆపింది అంతే. ఆ పలుకు వాళ్లు కావాలని ఉంచారని, అది రావడానికి ఇరవై నిమిషాలు పొయ్యి దగ్గర నిలబడతారని, ఆవకాయలో ముక్క మెత్తబడితే పెట్టినదాన్ని తిడతామా లేదా అని అడిగింది. పళ్లేలు మళ్లీ దగ్గరికి లాక్కున్నాం. నమిలాం.

ఇక విమానాశ్రయంలో ఆవిడ చేసింది నేనింకా క్షమించలేదు. చెకిన్ క్యూలో అందరి సూట్‌కేసులూ తెరిపించి, వార్డులో రోగుల అలమరాలు వెతికినట్టు వెతికి, పచ్చడి సీసాలు స్వాధీనం చేసుకుంది. కందిపొడి, గోంగూర, చింతకాయ, అన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టించి తన పేరున లగేజీలో వేసింది. ఐదు రోజులు వాళ్లది తినండి, ఆరోరోజు మనది తీద్దాం అంది. నేను స్వెటర్ చేతిలో దాచిన ఆవకాయ సీసా కూడా దొరికింది. టూరు మేనేజర్నని చెప్పుకున్నాను.

"అయితే ముందు నువ్వే సిగ్గుపడాలి," అంది.

మిలాన్‌లో దిగి లోకల్ ట్రైన్ ఎక్కాం. గంట దాటగానే కిటికీకి అటూ ఇటూ నీళ్లు. మడి తర్వాత మడి, గట్ల మధ్య ఆకాశం పడుకున్నట్టు. దూరంగా మంచు కొండలు లేకపోతే తణుకు దాటామనే అనుకునేదాన్ని. సిస్టర్ గారు రైలు దిగేదాకా కిటికీ వదల్లేదు.

మేం దిగింది ఒక రైతు ఇంట్లో. ఆ ఇంటి ముసలావిడకి ఎనభై దాటాయి. చిన్నప్పుడు ఆ పొలాల్లోనే కూలికి కలుపు తీసిందట. ఆ సంగతి ఆవిడ మనవరాలు ఇంగ్లీషులో చెబుతుంటే సిస్టర్ గారు వినలేదు. చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, గట్టు దిగి మడిలో నిలబడింది. వంగి ఒక మొక్క మొదలు పట్టుకుని చూసింది. లేవడం కష్టమై కుడిచెయ్యి వెనక్కి పెట్టి నడుం నొక్కుకుంది. గట్టు మీద ముసలావిడ కూడా, ఎవరూ చెప్పకుండానే, తన చెయ్యి వెనక్కి పెట్టి అక్కడే నొక్కుకుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఎనిమిది రోజులు వాళ్లిద్దరికీ ఎవరి ఇంగ్లీషూ అవసరం పడలేదు.

ఆ జిల్లా వంట పేరు పనిస్సా. బియ్యం, మచ్చల చిక్కుడు గింజలు, ఉల్లిపాయ, పంది మాంసం ముక్కలు వేసి, ఉత్తరాన కొండవాలులో పండిన ద్రాక్షతో చేసిన ఎర్ర వైను పోసి ఉడికిస్తారు. నాలాంటివాళ్లకి మాంసం లేకుండా వేరే గిన్నె పెట్టారు. అన్నం ఊదారంగులో ఉంది. చెట్టు కింద బల్ల చుట్టూ కూర్చున్న ఆరుగురం ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే, సుగుణమ్మ గారు ఒక ముద్ద తిని, ఆగి, "ఇది రాజ్మా చావలే కదండీ, మందు పోశారంతే," అన్నారు.

ముందు మేం నవ్వింది ఆ మాటకి కాదు, ఆవిడ మాట్లాడినందుకు. మనవరాలు తర్జుమా చేస్తే ముసలావిడ బల్ల చరిచి నవ్వింది. నవ్వుతూనే అందరికీ గ్లాసుల్లో అదే ఎర్ర వైను పోసింది. సిస్టర్ గారు పుట్టి బుద్ధెరిగాక తాగలేదు. ఆవిడ చర్చిలో అది మామూలు తప్పు కాదు. గ్లాసు వంక కాసేపు చూసింది. ఈవిడా మా అమ్మా ఒకే పని చేశారు, ఈ ఇంటి గ్లాసు నేను వెనక్కి తోయను అని తెలుగులో అని, చెయ్యెత్తింది. పక్కనుంచి ఇంకో చెయ్యి కూడా గ్లాసుతో లేచింది. రెండు బంగారు గాజులు, వాటి మధ్య నల్లపట్టీ వాచీ. సుగుణమ్మ గారి చెయ్యి. నేను కెమెరా నొక్కాను. సుగుణమ్మ గారి మొహం ఫోటోలో పడలేదు, చెయ్యి ఒక్కటే పడింది.

ఆరోరోజు అట్టపెట్టె తెరిచి, మొదటి ఆవకాయ సీసా ముసలావిడ చేతిలో పెట్టింది సిస్టర్ గారు. "ఇది మా జిల్లా," అంది. అది నా సీసా.

ఇక్కడినుంచి నా తప్పు. తిరిగొచ్చాక మరుసటి ఏడాది టూరుకి బ్రోషర్ వేయించాను. అట్ట మీద ఆ ఫోటోనే. అంత నవ్వు మొహం నాకు ఇంకోటి దొరకలేదు. తెలుగువాళ్ల ఉగాది సభలో కుర్చీకొకటి పంచాను. ఎవరు చూస్తారు, ఏమంటారు అని ఒక్క క్షణం ఆలోచించలేదు. ఆదివారానికల్లా అది చర్చిలో సంఘపెద్ద గారి చేతిలో ఉంది.

ఆ చర్చిలో సిస్టర్ గారు పద్దెనిమిదేళ్లు స్త్రీల సమాజం కార్యదర్శి. పండగలకి అందరూ కలిసి తినే ప్రేమవిందులో మూడు వందలమందికి అన్నం వార్చేది ఆవిడే. గుండిగ మీద తెడ్డు ఇంకొకరి చేతికి ఇచ్చేది కాదు. ఇంటివాళ్లంటూ లేని మనిషికి ఆ గుండిగల ముందు నిలబడే హక్కే ఇల్లు. ఇప్పుడు ఆ హక్కుకే ముప్పు వచ్చింది.

విచారణ సంఘపెద్ద గారి ఇంట్లోనే. తప్పు నాది కాబట్టి పిలవకపోయినా నేనూ వెళ్లాను. ముగ్గురు పెద్దమనుషులు సోఫాలో, ఎదురుగా మేమిద్దరం. బల్ల మీద బ్రోషర్. ఆయన చెడ్డవారు కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. దారి కూడా ఆయనే చూపించారు.

"సిస్టర్ గారూ, దీన్ని పెద్దది చేయాలని మాకు లేదండీ. గ్లాసు ఫోటో కోసం పట్టుకున్నానని ఒక్క మాట చెప్పండి. మిగతాది నేను చూసుకుంటాను."

"పట్టుకున్నానండీ. తర్వాత తాగాను," అంది ఆవిడ. "నూట యాభై మిల్లీలీటర్లు. సాయంత్రం బీపీ చూసుకున్నాను. నూట ముప్పై బై ఎనభై."

ఒకాయనకి దగ్గొచ్చింది. సంఘపెద్ద గారు ఇంకోసారి చెప్పి చూశారు. ఆవిడ మధ్యలోనే అందుకుంది. "అబద్ధం చెప్తే తెడ్డు ఉంటది, నిజం చెప్తే పోద్ది. అంతేగా అండీ? తెడ్డు మీ దగ్గరే ఉంచండి."

అప్పుడు ఆయన బ్రోషర్ దగ్గరికి జరుపుకుని, మరి ఈ రెండో చెయ్యి ఎవరిదని అడిగారు. ముందు నా చెయ్యి వంక చూశారు. ఫోటో తీసింది నేనని చెప్పాను. సరిగ్గా అప్పుడే సుగుణమ్మ గారు టీ ట్రేతో గుమ్మంలో నిలబడ్డారు. అవే గాజులు, వాటి మధ్య అదే నల్లపట్టీ వాచీ. లోపలికి వచ్చి ఒక్కొక్కరికీ కప్పు అందించారు. ముగ్గురు మగవాళ్లూ ఫోటో వంక చూస్తున్నారు గానీ తమకి టీ అందిస్తున్న చెయ్యి వంక ఒక్కరూ చూడలేదు. అదిగో అనే మాట నా నాలుక కొసదాకా వచ్చింది. సిస్టర్ గారు నా మణికట్టు పట్టుకుంది. ఈసారి నాడి కోసం కాదు, గట్టిగా నొక్కింది.

"ఆ చెయ్యి సంగతి ఆ చెయ్యినే అడగాలండీ. నేను నా చెయ్యి గురించి చెప్పాను."

పదవి పోయింది. తెడ్డూ పోయింది. ఆ పదవి ఎవరికిచ్చారో తెలుసా? సుగుణమ్మ గారికి.

బస్‌స్టాపులో నేను అరిచాను. ఒక్క మాట అంటే ఆయన నోరు మూతపడేది కదా, నింద మొత్తం మీరెందుకు మోశారు అన్నాను. ఆవిడ వాచీ చూసి నూట ఇరవై, ఇంటికెళ్లి మజ్జిగ తాగు అంది. తర్వాత కాస్త నెమ్మదిగా, "పన్నెండేళ్లు లేబర్ వార్డులో చేశానమ్మా. లాగితే రాదు. దాని టైముకి అదే వస్తది," అంది.

తర్వాత నాలుగేళ్లూ ప్రతి ఆదివారం అదే రెండో బెంచీలో, అదే చివర కూర్చుంది. క్షమాపణ అడగలేదు, చర్చి మారలేదు. ప్రేమవిందులో అన్నం ముద్దైతే తినకుండా పళ్లెం పక్కన పెట్టేది, అంతే. మళ్లీ రెండుసార్లు వెర్చెల్లి వెళ్లింది, ప్రతిసారీ కొత్తవాళ్లని వెంటేసుకుని. కొత్త బ్రోషర్‌కి ఫోటో మారుద్దామని నేనంటే ఒప్పుకోలేదు.

"అదే వెయ్యి. కత్తిరించకు."

అందుకే ఆ కార్డు చూడగానే నాకు ఒళ్లు తెలియలేదు. మునిర్కాలో స్టూడియోకి వెళ్లి ఫోటో మొత్తం, రెండు చేతులూ రెండు గ్లాసులతో సహా పెద్దది చేయించి, అట్ట వేయించి, శనివారం సంచీలో పెట్టుకుని వెళ్లాను.

చర్చి హాల్లో కత్తిరించిన ఫోటోకే పూలదండ వేశారు. సంఘపెద్ద గారు మాట్లాడారు. ఆవిడ సాధుస్వభావి అన్నారు. ఎవరికీ ఎదురు చెప్పి ఎరగదన్నారు. నేను వింటూ నా మణికట్టు నేనే పట్టుకున్నాను. మనసులో ప్రసంగం సిద్ధంగా ఉంది, మీరు నమ్మాలి, దానిలో దయ అనేది లేదు. ఆవిడ గురించి చెప్పదలుచుకున్నవాళ్లు రావచ్చనగానే లేచి వెళ్లి, సంచీలోంచి ఫోటో తీసి దండ వేసిన ఫోటోకి ఆనించి నిలబెట్టాను. హాలంతా గుసగుసలు. ఆయన లేచి వచ్చారు. "ఇది సందర్భం కాదమ్మా," అని మెల్లగానే అని, ఫోటోని బల్ల మీద బోర్లించారు.

నేను నోరు తెరిచాను. ఇంతలో ఆడవాళ్ల బెంచీలోంచి సుగుణమ్మ గారు వచ్చారు. నన్ను దాటుకుని వెళ్లి ఫోటో మళ్లీ నిలబెట్టారు. హాలు వైపు తిరగలేదు. ఆయన వైపే చూశారు.

"ఈ రెండో చెయ్యి నాదండీ. ఆవిడ చెప్పలేదు. నేనూ చెప్పలేదు." చెయ్యి ముందుకి చాపారు. "వాచీ మీరు కొనిచ్చిందే. చూసుకోండి."

ఆయన చూశారు. ఫోటో వంక, చెయ్యి వంక, మళ్లీ ఫోటో వంక. వెళ్లి కుర్చీలో కూర్చున్నారు.

నా ప్రసంగం నాలోనే ఉండిపోయింది. వెనక్కి వచ్చి రెండో బెంచీలో కూర్చున్నాను. సుగుణమ్మ గారు వచ్చి నా పక్కన, సిస్టర్ గారు కూర్చునే చివర కూర్చున్నారు. నేను ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. నాడి చేతికి తెలుస్తోంది, గబగబా కొట్టుకుంటోంది. లెక్కపెట్టడం నాకు రాదు. పాట మొదలైంది, తర్వాత ప్రార్థన, తర్వాత ఇంకో ప్రార్థన. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. కూడిక అయ్యేదాకా ఆ ఫోటోకి కాపలా కూర్చున్నాను. మళ్లీ ఎవరూ దాన్ని బోర్లించలేదు.